పుచ్చకాయంటే తోడికోడలు

మొన్న రాజమండ్రి నుంచి తణుకు వెళ్ళే బస్సులో నా పక్క సీట్లో ఒక కాలేజీ అమ్మాయి ఫోన్‌లో పళ్ళు కోసే ఆట ఆడుతోంది. కింద నుంచి పళ్ళు ఎగిరొస్తాయి, వేలితో గీస్తే రెండు ముక్కలై రసం చిమ్ముతాయి, అంతే ఆట. ఆ అమ్మాయి కిటికీకి తల ఆనించి, చెవుల్లో పాట పెట్టుకుని, ఆవులిస్తూ కోస్తోంది. మధ్యలో కాయలు జారిపోతున్నా పట్టించుకోదు. రావులపాలెం దాటేదాకా ఓర్చుకున్నాను. ఆ తర్వాత ఫోన్ లాక్కుని, "అలా కాదమ్మా, కాస్త కోపంగా కొయ్యాలి" అని చెప్పాలనిపించింది. చెప్తే పిచ్చిదనుకుంటుందని ఊరుకున్నాను.

ఆ ఆట ఎలా ఆడాలో నాకు తెలుసు. మా మేనత్త ఆడగా చూశాను. ఆవిడ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఎవరి గురించో తెలియాల్సినవాళ్ళకి తర్వాతి పేరాలోనే తెలిసిపోతుంది. వాళ్ళు చదవాలనే రాస్తున్నాను కూడా.

మా అత్తయ్య ఆటకి కూర్చోవడమే వేరు. నోట్లో వక్కపలుకు ఉంటే ముందు ఉమ్మేసి వచ్చేది. కుర్చీలో కాదు, హాల్లో ఫ్యాన్ కింద చాప మీద, ఒక మోకాలు పైకి మడిచి, రెండో కాలు చాపుకుని కూర్చునేది. ఎదురుగా చిన్న పీట, పీట మీద ఫోన్. పైటచెంగుతో ఫోన్ అద్దం తుడిచేది. తడి ఆనవాలు కూడా లేదని వేలితో తాకి చూసుకునేదాకా తుడిచేది. తర్వాత రెండు చేతుల మెటికలూ విరిచేది. మా వైపు ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టేటప్పుడు విరుస్తారే, అలాగ. అప్పుడు కళ్ళజోడు సర్దుకుని, "రండి నాయనా, ఒక్కొక్కళ్ళే రండి" అనేది.

పుచ్చకాయ ఎగిరితే, "వచ్చిందమ్మా మా తోడికోడలు" అనేది. అడ్డంగా ఒక గీత. "నీ దుంప తెగ." అనాసపండు భీమవరంలో ఉన్న ఆడపడుచు. "నెత్తిన ఆ కొప్పు చూడవే, అచ్చం దానిదే" అని నాకు చూపించి మరీ కోసేది. అరటిపండు పురోహితుడు, ఎటు వంచితే అటు వంగుతాడని. కివి పండు మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడకి అర్థం కాలేదు. "ఈ బొచ్చు సపోటా ఏంటే?" అని అడిగింది. చెప్పాను. కాసేపు ఆలోచించి దాన్ని పక్కింటావిడకి కేటాయించింది, ఆ రోజు గోడ మీంచి తొంగిచూసి నవ్వినందుకు. కొయ్యకుండా ఏ కాయైనా కిందికి జారిపోతే మాత్రం ఆవిడ మొహం మాడిపోయేది. "తప్పించుకుంది" అనేది, ఆ తప్పించుకున్నదెవరో గుర్తు పెట్టుకుని తర్వాతి ఆటలో వెతికి మరీ కోసేది.

ఆటలో పళ్ళ మధ్య అప్పుడప్పుడు నల్లటి బాంబు కూడా వస్తుంది. దానికి వేలు తగిలితే ఆట అక్కడితో సరి. బాంబు మా అత్తయ్య మరిది. ఇంటి యజమాని ఆయనే కాబట్టి ఆయన జోలికి మాత్రం పోకూడదు. బాంబులు లేకుండా తీరిగ్గా ఆడుకునే రకం కూడా ఉందని, అది పెడతానని ఒకసారి అన్నాను.

"వద్దే" అంది. "బాంబు లేకపోతే ఎవర్ని వదిలేస్తున్నానో నాకెలా తెలుస్తుంది?"

పక్కింటావిడ గోడ మీంచి నవ్విన ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడు చెప్పాలి. అది చెప్పకపోతే ఇదంతా ఒక ముసలావిడ చాదస్తంలా కనిపిస్తుంది.

వాళ్ళది తణుకులో కిరాణా వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. అన్నదమ్ములిద్దరు, ఉమ్మడి కుటుంబం. అన్నగారి భార్య మా అత్తయ్య. పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఎండాకాలం ఆవకాయంటే చిన్న పెళ్ళి. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు బస్తాల్లో దిగేవి. ఇంటికీ, భీమవరానికీ, ఇంకా ఎక్కడెక్కడి చుట్టాలకో అందరికీ అక్కడే పెట్టేవాళ్ళు. కాయలు కొట్టడానికి పెద్ద ఆవకాయ కత్తి ఉండేది. చెక్కదిమ్మకి ఒక చివర బిగించిన బరువైన కత్తి అది. కాయ కింద పెట్టి పిడి పట్టుకుని ఒక్క నొక్కు నొక్కితే టెంకతో సహా రెండు చెక్కలవ్వాలి. ఆ కత్తికి పసుపు రాసి బొట్టు పెట్టి, మొదటి కాయ పెద్దకోడలు కొట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఆ కత్తి ముందు పీట మా అత్తయ్యదే. ఆవిడ కొడుతుంటే చూడ్డానికి పిల్లలం వరసగా కూర్చునేవాళ్ళం. మాట్లాడుతూనే కొట్టేది, కత్తివైపు చూసేది కాదు, ఒక్క ముక్క టెంక వదిలేది కాదు.

మా మావయ్య చలికాలంలో పోయాడు. ఆ వచ్చిన ఎండాకాలం మామూలుగానే కాయలు దిగాయి, భీమవరం ఆడపడుచు వచ్చింది, నేనూ వెళ్ళాను. కత్తికి పసుపు రాశారు. మా అత్తయ్య వెళ్ళి తన పీట మీద కూర్చుని పిడి మీద చెయ్యి వేసింది. అప్పుడు తోడికోడలు వంగి, చాలా మెత్తగా, అందరికీ వినబడేటట్టు అంది.

"లే అక్కా. ఏడాదంతా తినేది కదా. అందరి మంచీ చూడాలి కదా."

ఆడపడుచు ఆవపిండి జల్లించడం మొదలుపెట్టింది. కత్తికి పూజ చెయ్యడానికి వచ్చిన పురోహితుడు తల ఊపాడు. మరిది అరుగు మీద పేపరు ఇంకొంచెం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గోడవతల పక్కింటావిడ నవ్వింది. మా అత్తయ్య లేచింది. లేచి, పైటచెంగుతో కత్తి పిడి తుడిచి, తోడికోడలి చేతికిచ్చింది. ఎందుకు తుడిచిందో నాకిప్పటికీ తెలియదు. అలవాటై ఉండొచ్చు. తన చెయ్యి పడిందన్న మాట రాకుండా తుడిచిందేమోనని తలుచుకుంటే నాకు ఈ రోజుకీ ఒళ్ళు మండుతుంది.

"నువ్వు హాల్లో ఫ్యాన్ కింద కూర్చో అక్కా, హాయిగా టీవీయో ఫోనో చూసుకో" అంది తోడికోడలు. అత్తయ్యకి అప్పటికి ఫోన్ లేదు. ఆ వారంలోనే మరిది కొనిచ్చాడు. గొడవ చెయ్యకుండా లేచినందుకు బహుమానమన్నమాట. ఆ ఫోన్‌లో ఆట పెట్టింది నేను. మనసుకి ప్రశాంతంగా ఉంటుందని ఆ ఆట కింద రాసి ఉంది. వాళ్ళు రాసింది అబద్ధం కాదు. కోస్తున్నంతసేపూ ఆవిడ మొహం నిజంగానే ప్రశాంతంగా ఉండేది.

మా నాన్న వెళ్ళి, "అక్కా, మా ఇంటికొచ్చెయ్. రాజమండ్రిలో గోదావరి గట్టున తిరుగుదువుగాని" అని బతిమాలాడు. "కత్తి ఇక్కడ పెట్టుకుని నేనెక్కడికొస్తాన్రా?" అంది. నాన్నకి అర్థం కాలేదు. నాకు విడిగా చెప్పింది.

"నేనెలా ఇచ్చానో అలాగే, పిడి తుడిచి, దాని చేత్తో అది నాకివ్వాలి. పెరట్లో, అందరి ముందూ. అప్పటిదాకా నేను చావను."

చావలేదు కూడా.

మరుసటి ఏడాది ఆవకాయకీ నేను వెళ్ళాను. కత్తి ముందు తోడికోడలు కూర్చుంది. ఆవిడ కొడుతుంటే కాయలు నలుగుతున్నాయి, టెంకలు పక్కకి ఎగురుతున్నాయి. అది కాదు అసలు సంగతి. జాడీలు ముందురోజే కడిగి ఎండలో పెట్టాలి. పనిమనిషి రాలేదని ఆ పొద్దున్నే కడిగి నీడపట్టున బోర్లించారు. వాటిని తిప్పి నిలబెడుతుంటే ఒక జాడీ అంచు నుంచి సన్నటి నీటిచార లోపలికి జారడం హాల్లోంచి నాకు కనిపించింది. నోరు తెరవబోయాను. అత్తయ్య నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"మాట్లాడావంటే నా మీద ఒట్టే."

"అత్తయ్యా, జాడీలో తడి..."

"నాకు కళ్ళున్నాయిలే. పెట్టుకోనీ, అందరి మంచీ చూసి పెట్టుకోనీ" అని ఫోన్ తుడుచుకుని మెటికలు విరిచింది. పెరట్లో కారం, ఆవపిండి, పప్పునూనె కలుపుతున్న ఘాటు హాల్లోకి కొడుతుంటే, తుమ్ముతూ ఆడింది. ఆ రోజు ఒక్క పుచ్చకాయ కూడా తప్పించుకోలేదు.

తొలకరి పడేసరికి జాడీలన్నిట్లో బూజు. భీమవరం నుంచి ఫోను, ఇంకెక్కడెక్కడి నుంచో ఫోన్లు. మా వైపు ఆవకాయ బూజు పట్టడమంటే పచ్చడి పాడవడం కాదు, ఆ ఇంటి ఇల్లాలి పేరు పాడవడం. తోడికోడలు వంటింట్లో కూర్చుని ఏడిచిందట. మా అత్తయ్య హాల్లోంచి గొంతెత్తి అడిగిందట: "శుభమా అని పెట్టిన ఆవకాయ కదమ్మా, పాపం బూజెలా పట్టింది?"

ఈ ముక్క నాకు ఫోన్‌లో చెప్తూ ఆవిడ నవ్విన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. చిన్నపిల్లలు దొంగతనంగా తియ్యమామిడి తిని నవ్వే నవ్వు. నేనూ నవ్వాను. మంచివాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఇక్కడ నా మీద కోపం తెచ్చుకోవచ్చు.

ఆ పై వేసవికి తోడికోడలే హాల్లోకొచ్చి చాప అంచున కూర్చుంది. "అక్కా, నాకు చేతకావట్లేదు. వంటింట్లో తలుపేసుకుని నువ్వు కాస్త కొట్టిపెట్టకూడదూ? ఎవరికీ తెలియదు" అంది.

మా అత్తయ్య ఫోన్ మీంచి తలెత్తలేదు. "పెరట్లో లేపావు. పెరట్లోనే కూర్చోబెట్టు."

"నలుగురూ ఏమనుకుంటారో అక్కా..."

"అయితే ఆ నలుగుర్నే కొట్టమను" అంది. అని ఒక అనాసపండు కోసింది. ఆ ఏడాది బజార్లో కొట్టించి తెచ్చిన ముక్కలతోనే ఆవకాయ పెట్టారు. ఇంట్లో కత్తి గోనెలో చుట్టి అటక మీద ఉండిపోయింది. అత్తయ్య రోజూ ఒకసారి తలెత్తి అటకవైపు చూసుకునేది.

తర్వాత మరిది పోయాడు. కొట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు, గుండెపోటు. నేను పలకరించడానికి వెళ్ళేసరికి ఇల్లంతా జనం. అత్తయ్య హాల్లో ఒక మూల, ఫోన్ పీట మీద, శబ్దం లేకుండా ఆడుతోంది. పక్కన కూర్చున్నాను. పళ్ళ మధ్యలోంచి బాంబు లేచింది. ఆవిడ వేలు నేరుగా దాని మీదికి వెళ్ళింది. తెర తెల్లగా మెరిసి ఆట ఆగిపోయింది. ఇన్నాళ్ళలో ఆవిడ బాంబుని ముట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

"ఇంకేం చేస్తాడు?" అంది నెమ్మదిగా. గొంతులో కోపం ఉంది. ఇంకేదో కూడా ఉంది, అదేంటో నేను అడగలేదు.

ఆ ఎండాకాలం భీమవరం ఆడపడుచు ముందే దిగింది. ఈ ఏడాది బజారు ముక్కలొద్దు, ఇంట్లోనే కొట్టాలి, ఇంటికి మంచి జరగాలి అని కత్తి దింపించింది. కాయలు కడిగి, తుడిచి, ఆరబోశారు. పక్కింటావిడ గోడ దగ్గరికొచ్చింది. తోడికోడలు అలవాటు చొప్పున వెళ్ళి పీట మీద కూర్చుని పిడి పట్టుకుంది. ఆడపడుచు గొంతు సవరించుకుంది.

"చిన్నొదినా..."

అంతే అంది. తోడికోడలికి అర్థమైంది. ఆవిడ చెయ్యి పిడి మీదే ఉండిపోయింది. మొహంలో నెత్తుటిచుక్క లేదు. మీరైతే జాలిపడేవాళ్ళేమో. నేను పడలేదు. నేను హాలు గుమ్మం వైపు చూశాను.

మా అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. ఫోన్ చేతిలోనే ఉంది. మెల్లిగా మెట్లు దిగి వచ్చి, కత్తి ముందు నిలబడి చెయ్యి చాపింది.

"పిడి తుడిచి ఇవ్వు" అంది.

తోడికోడలు లేచింది. పైటచెంగుతో పిడి తుడిచింది. ఒక పక్క తుడిచి రెండో పక్క వదిలేసింది. మా అత్తయ్య తొందరపెట్టలేదు. పూర్తిగా తుడిచేదాకా చాపిన చెయ్యి అలాగే ఉంచింది.

"పెద్దొదినా, నువ్వు కూడా మరి..." అంది ఆడపడుచు.

"నేను కూడా, ఏంటమ్మా? చెప్పు. పూర్తిగా చెప్పు, వింటాను" అంది అత్తయ్య. ఆడపడుచు ఆవపిండి జల్లెడ అందుకుంది. అత్తయ్య ఆగలేదు. "చూడమ్మా, మీ ఇంట్లో పోవాల్సినవాళ్ళు ఇద్దరూ పోయారు. ఇప్పుడు ఆవకాయ కూడా పోవాలంటే చెప్పు, నేను లోపలికెళ్ళి ఆడుకుంటాను. మంచి ఆట మధ్యలో ఆపి వచ్చాను."

ఆవిడ పీట మీద కూర్చుంది. మోకాలు మడిచింది, కాలు చాపింది. అప్పుడు ఫోన్ తోడికోడలి చేతిలో పెట్టి, చాలా మెత్తగా, అందరికీ వినబడేటట్టు అంది.

"నువ్వెళ్ళి హాల్లో ఫ్యాన్ కింద కూర్చో. ఫోన్ చూసుకో."

మొదటి కాయ ఒక్క నొక్కుకి టెంకతో సహా విడిపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఆ ఆటలో పండు తెగినప్పుడు వచ్చే చప్పుడు దీని ముందు ఎందుకూ పనికిరాదు. కాయ తర్వాత కాయ కొడుతూనే ఉంది. ఎవరి పేరూ పెట్టి తిట్టలేదు. బస్తాలు అయిపోయేదాకా లేవలేదు. మధ్యలో నేను మంచినీళ్ళకని లోపలికి వెళ్తే, హాల్లో చాప మీద తోడికోడలు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తెర మీద పళ్ళు ఎగిరి, తెగకుండానే కిందికి పడిపోతున్నాయి.

పగ తీరిందేమో, ఇంక ఆ ఆట మానేస్తుందనుకున్నాను. సాయంత్రం జాడీల మూతులకి గుడ్డతో వాసెన కట్టి, చేతులు కడుక్కుని, హాల్లోకొచ్చి ఫోన్ తీసుకుని చూసింది. "ఒక్క కాయ కూడా కొయ్యలేదు. చేతకాదు" అంది. తోడికోడలు అక్కడే ఉంది. "ఇలా రా. చూడు. వేలు నిలబెట్టకు, గియ్యి. కాయ కొట్టడం రాలేదు, కనీసం ఇదైనా నేర్చుకో."

నేర్పింది. ఆ తర్వాత నేనెప్పుడు వెళ్ళినా ఇద్దరూ ఆ చాప మీదే కనిపించేవాళ్ళు, ఒకే ఫోన్ మీదికి వంగి. మా అత్తయ్య నేర్పుతూనే తిట్టేది, తిడుతూనే నేర్పేది. పుచ్చకాయ వస్తే ఆవిడ ఎదురుగానే, "ఇదిగో, నువ్వొచ్చావు" అని కోసేది. తోడికోడలు కిక్కురుమనేది కాదు. చూసినవాళ్ళు ఇద్దరూ కలిసిపోయారనుకున్నారు. "క్షమించేశావా అత్తయ్యా?" అని నేనూ అడిగాను. నా వైపు వింతగా చూసింది. "ఎందుకు క్షమిస్తానే? పక్కన కూర్చోబెట్టుకుంటే కోసుకోవడం తేలిక" అంది.

మొన్న తణుకు వెళ్ళింది ఆ ఇంటికే. ఆవకాయ పెడుతున్నారని కబురు. కత్తి ముందు ఎవరో కూలికి వచ్చిన మనిషి కూర్చుని కొడుతున్నాడు. తోడికోడలు హాల్లో చాప మీద, మా అత్తయ్య ఫోన్‌తో ఉంది. మోకాలు మడిచి కూర్చుంది. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మా అక్క బంగారం అమ్మా, బంగారం" అంది. అత్తయ్య పోయిన రోజు కూడా నలుగురిలో ఇలాగే అంది. కళ్ళు తుడుచుకుని ఫోన్ నాకు చూపించింది.

"ఇది పెట్టింది నువ్వేగా. రోజూ ఆడుతున్నానమ్మా. ఎంత కోసినా పైన మూలలో మీ అత్తయ్య స్కోరే కూర్చుంటోంది. దాని దరిదాపులకి కూడా పోలేకపోతున్నాను. నీకు తెలిసే ఉంటుంది, కాస్త దాన్ని అక్కణ్ణించి తీసెయ్యవూ?"

తియ్యడం నాకు తెలుసు. ఆట తీసేసి మళ్ళీ కొత్తగా ఎక్కిస్తే చాలు, క్షణం పని. ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాను. అద్దం నిండా తోడికోడలి వేలిముద్రలు, చెమట తడి. బయట పెరట్లో కాయలు నలుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఈసారి అత్తయ్యని లేపడం కుదరదు చిన్నత్తయ్యా" అన్నాను. "ఆడి గెలవండి."

చున్నీ అంచుతో ఫోన్ తుడిచి, ఆవిడ చేతికిచ్చాను.